బందరు టేపు మీద రాజుగారి పంటినొప్పి

నోరు జారడం నా స్వభావం కాదు. కొలత పరికరాలను సరిచూసే ప్రయోగశాలలో ఉద్యోగజీవితమంతా గడిపినదాన్ని. ఒక మాట అనే ముందు అందులో ఎంత తేడాకు చోటుందో చూసుకోవడం అలవాటైపోయింది. అయినా ఈ చలికాలం చివర, వాంకూవరు పక్కనున్న బర్నబీలో తెలిసినవారింట సత్యనారాయణ వ్రతం భోజనాల దగ్గర, పులిహోర పళ్ళెం పట్టుకుని నిలబడి, ఎవరికీ చెప్పని మాట ఒకటి చెప్పేశాను. ఎదురుగా ఉన్నది మల్లేశం. నలభై దాటిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, కరీంనగర్ వాడు, అమెరికా మీదుగా ఇక్కడికి చేరినవాడు. సెలవు రోజుల్లో పాత టీవీ కార్యక్రమాల శబ్దాలను వెతికి శుభ్రం చేసే ఒక బృందంలో పనిచేస్తాడు. "ఆంటీ, మీరు చిన్నప్పుడు ఈడనే పెరిగిన్రు గదా, గా లిఫ్ట్ సీరియల్ చూసిన్రా?" అని అడిగాడు. చూశానన్నాను. అంతటితో ఆగవలసింది. "రాజుగారి పంటినొప్పి కథ చివరి భాగాన్ని టేపు కూడా చేశాను" అన్నాను.

అతని పళ్ళెం వంగి పప్పు అంచుదాకా వచ్చింది. "ఏందాంటీ, మళ్ళొకసారి చెప్పుండ్రి! ఆ కథ నాలుగు ఎపిసోడ్లల్ల ఒక్కటి గూడ లేదు. తీసినోళ్ళే తుడిచేసిన్రు. బొమ్మ లేదు, మాట లేదు. కొన్ని ఫోటోలున్నయ్, అంతే. ఆ టేపు ఏడుంది?"

మా అమ్మ అక్కడికి నాలుగడుగుల దూరంలో కుర్చీలో కూర్చుని, ఇంటావిడతో చలిమిడి పాకం గురించి మాట్లాడుతోంది. ఎనభై తొమ్మిదేళ్ళ మనిషి. చెవిలో మిషను ఉన్నా గుంపులో మాటలు సరిగా పట్టవు. ఆమె తల తిప్పలేదు. విన్నదో లేదో నాకు తెలియలేదు. ఆ మధ్యాహ్నమంతా అది ఒక్కటే తెలుసుకోవాలనిపించింది. ఎందుకంటే ఆ టేపు నా దగ్గర ఉందని బయటపడితే, అరవై ఏళ్ళుగా అమ్మ నాన్న మీద మోపుతూ వచ్చిన తప్పు నిజానికి ఎవరిదో కూడా బయటపడుతుంది.

అప్పట్లో మేము ఈ దేశానికి తూర్పు వైపునున్న ఒషావా అనే ఊళ్ళో ఒక చెప్పుల మరమ్మతు దుకాణం పై అంతస్తులో అద్దెకుండేవాళ్ళం. కింద నుంచి తోలు, జిగురు వాసన ఎక్కివచ్చేది. పైనుంచి అమ్మ పోపు వాసన దిగివచ్చేది. రెండూ ఏడో మెట్టు దగ్గర కలిసేవి. ఎనిమిదో మెట్టు మీద కాలు పెడితే ఇంట్లోకి వచ్చినట్టు. నాన్న ఒక టీవీ స్టేషన్‌లో టేపుల గదిలో పనిచేసేవాడు. ప్రసారం చేయవలసిన టేపులను యంత్రానికి ఎక్కించడం సగం పని. ప్రసారమైపోయినవాటిలో జాబితాకెక్కినవాటిని చెరపడం మిగతా సగం. చెరపడానికి బల్లంత విద్యుదయస్కాంతం ఉండేదట. దాని దగ్గరికి చేతి గడియారంతో పోతే గడియారం చెడిపోతుంది. అందుకని నాన్న గడియారం విప్పి, ఖాళీ అయిన అన్నం డబ్బాలో పెట్టి, గదికి ఆ చివరన ఉంచేవాడు. చాలాసార్లు అక్కడినుంచి తీయడం మరచి డబ్బాతోనే ఇంటికి తెచ్చేవాడు. ఆ గడియారపు పట్టీకి ఎప్పుడూ మాగాయ వాసన. అమ్మ డబ్బా కడగబోతూ మూత తీసి, "ఇవాళ కూడా అన్నంలో టైము వదిలేశారా?" అనేది.

నాన్న మితభాషి. ఆయన పైకి నవ్వగా నేను విన్నది ఆ లిఫ్ట్ సీరియల్ చూసినప్పుడే. ఒక పాత భవనంలో లిఫ్ట్ నడిపే ముసలాయన ఉంటాడు. ఆ లిఫ్ట్ కిందికి దిగితే గతం, పైకి పోతే భవిష్యత్తు. ఏ అంతస్తులో ఏ శతాబ్దం ఉంటుందో ఆయనకూ తెలియదు. తోడుగా ఒక టైపిస్టు అమ్మాయి. చాలా కథలు లోహపు మనుషులతో, గ్రహాంతరవాసులతో భయపెట్టేవి. ఈ ఒక్క కథ మాత్రం నవ్వించింది. లిఫ్ట్ ఒక మధ్యయుగపు రాజుగారి కోటలో ఆగుతుంది. రాజుగారికి పంటినొప్పి. లిఫ్ట్ తలుపు తీయడానికి ముసలాయన చేతిలో పట్టుకున్న పటకారు చూసి, పళ్ళు పీకే వైద్యుడు వచ్చాడని అందరూ సంబరపడతారు. పన్ను పీకలేకపోతే తల తీస్తారు. మూడు వారాలు ముసలాయన రకరకాల సాకులతో ఆ ఘడియను వాయిదా వేశాడు. నాలుగో వారం పీకి తీరాలి.

"ఇది కూడా చెరిపేస్తావా నాన్నా?" అని అడిగాను. "లిస్టులో వచ్చిందమ్మా. సోమవారం" అన్నాడు నాన్న. అందులో బాధా లేదు, కఠినత్వమూ లేదు. టేపు మళ్ళీ వాడాలి కనుక చెరపాలి, అంతే. కానీ తొమ్మిదేళ్ళ నాకు నిద్ర పట్టలేదు. నాన్న నవ్వే కథను నాన్నే చెరపవలసి రావడం నాకు అన్యాయంగా తోచింది. బొమ్మను దాచలేను, మాటలనైనా దాచవచ్చు. ఇంట్లో టేపు రికార్డరు ఉంది. ఖాళీ టేపు లేదు. ఉన్నదల్లా ఒకే ఒక్క టేపు. దాన్ని మేము బందరు టేపు అనేవాళ్ళం.

అది అమ్మమ్మ గొంతు. మా మావయ్య పనిచేసే కాలేజీలో ఒక రికార్డరు ఉంటే, అమ్మమ్మను దాని ముందు కూర్చోబెట్టి అరగంట మాట్లాడించి, టేపు చుట్టిన ఆ స్పూలు చక్రాన్ని ఓడ టపాలో పంపించాడు. యంత్రంతో ఎలా మాట్లాడాలో అమ్మమ్మకు తెలియదు. అందుకని అమ్మ పక్క గదిలో ఉన్నట్టే మాట్లాడింది. "ఏమే, అక్కడ కరివేపాకు దొరుకుతోందా?" అని అడిగి, జవాబు కోసం ఆగేది. ఆ ఆగడం ఒక్కోసారి ఆరేడు సెకన్లు. ఆ ఖాళీలో కాకి అరుపు, రిక్షా గంట వినిపించేవి. తర్వాత, జవాబు విన్నదానిలాగే "సరేలే" అని మరో మాట ఎత్తుకునేది. ప్రతి ఆదివారం ఉదయం అమ్మ ఆ టేపు పెట్టుకుని వంట చేసేది. ఆ ఖాళీల్లో జవాబులు చెప్పేది. మొదట్లో "లేదమ్మా, దొరకదు" అనేది. రెండో ఏడాదికి "వాంకూవరు నుంచి ఎవరో తెచ్చారమ్మా, ఎండుది" అనేది. ప్రశ్న మారేది కాదు. జవాబు మాత్రం ప్రతి వారం మారేది. ఆ అరగంటలో నేనూ నాన్నా వంటింట్లోకి పోయేవాళ్ళం కాదు.

టేపుకు రెండు వైపులుంటాయని నాన్న నాకు నేర్పాడు. అమ్మమ్మ మాటలు ఒక వైపే ఉన్నాయి; రెండో వైపు ఖాళీ. టేపు వచ్చిన రోజున అమ్మ దానికి పసుపు రాసి, అమ్మమ్మ మాటలున్న వైపు స్పూలు మీద కుంకుమ బొట్టు పెట్టింది. బొట్టు పైకి ఉంటే అమ్మమ్మ. కిందికి ఉంటే ఖాళీ. ఇంట్లో అందరికీ తెలిసిన గుర్తు అది. కనుక బొట్టు కిందికి పెట్టి రికార్డు చేస్తే ఎవరికీ నష్టం లేదు. నా తర్కంలో దోషం లేదు. దోషం నేను చూడని చోట ఉంది. ఆ వారంలోనే దసరా వెళ్ళింది. ఆయుధపూజకు నాన్న స్టేషన్ నుంచి తన స్క్రూడ్రైవర్లు, మీటరు, నాలుగు ఖాళీ స్పూళ్ళు ఇంటికి తెచ్చాడు. అమ్మ పూజకు ముందు అన్నిటినీ తడిగుడ్డతో తుడిచింది. బందరు టేపు మీది పాత బొట్టూ అందులో పోయింది. తర్వాత వరుసగా పేర్చి, ఏ వైపు పైకి కనబడితే ఆ వైపున కొత్త బొట్లు పెట్టింది. బందరు టేపుకు కొత్త బొట్టు ఖాళీ వైపున పడింది.

శనివారం సాయంత్రం అయిదు గంటలకు, బొట్టు కిందికి పెట్టి, మైకు టీవీకి జానెడు దూరంలో దిండు మీద ఆనించి, రికార్డు మీట నొక్కాను. ముందుగా ఒక్క నిమిషం విని చూసి ఉంటే సరిపోయేది. ఆ తర్వాత నా ప్రయోగశాలలో చేరిన ప్రతి కొత్తవాడికీ నేను చెప్పిన మొదటి పాఠం అదే: కొలిచే ముందు కొలకర్రను చూడు. ఆ పాఠం ఎక్కడ నేర్చుకున్నానో ఎవరికీ చెప్పలేదు. నాన్న రాత్రి డ్యూటీ చేసి వచ్చి పక్క గదిలో నిద్రపోతున్నాడు. అమ్మ బజారుకు వెళ్ళింది. ఊపిరి బిగబట్టి ఇరవై అయిదు నిమిషాలు కూర్చున్నాను. పేర్లు పడుతుండగా అమ్మ కింది నుంచి కేకేసింది. మెట్లు దిగి సంచులు అందుకుని పైకి వచ్చేసరికి రికార్డరు ఆగి ఉంది. నేనే ఆపి వెళ్ళాననుకున్నాను.

అమ్మ వంటింట్లో ఉండగా, రికార్డరు శబ్దం తగ్గించి, టేపును తిరగేసి విన్నాను. బుస్సుమనే శబ్దం తప్ప ఏమీ లేదు. మళ్ళీ తిరగేశాను. రాజుగారి మూలుగు. మూడోసారి తిరగేయలేదు. స్పూలును నా స్కూలు సంచిలో, భూగోళం పుస్తకం వెనక దాచాను.

మర్నాడు ఉదయం అమ్మ పెనం దించి టేపు కోసం వెతికింది. బల్ల మీద, బల్ల కింద, పూజ అలమరలో వెతికి, చివరకు గడ్డం గీసుకుంటున్న నాన్న దగ్గరికి వచ్చింది. "శుక్రవారం మీరు స్టేషనుకు తిరిగి పట్టుకెళ్ళిన స్పూళ్ళలో బందరుది గానీ కలిసిపోయిందా?" నాన్న అద్దంలోంచి నన్ను ఒక్కసారి చూశాడు. తర్వాత బ్లేడు నీళ్ళలో ముంచి, "కలిసే ఉంటుంది" అన్నాడు. "అయితే తెచ్చెయ్యండి." "అవి నిన్ననే చెరిపేశాం" అన్నాడు నాన్న. అమ్మ ఏడవలేదు. వంటింట్లోకి వెళ్ళి స్టవ్ కట్టేసింది. ఆ ఆదివారం మేము రొట్టె, పాలతో సరిపెట్టుకున్నాం. నాన్న నిజంగానే అలా జరిగిందనుకుంటున్నాడని నేను నమ్మాను. నమ్మడం నాకు అవసరం కూడా.

మరో టేపు చేయించమని మావయ్యకు ఉత్తరం రాశారు. అది చేరేలోగానే అమ్మమ్మ పోయిందని తంతి వచ్చింది. ఆ తర్వాత నెలల తరబడి అమ్మ నాన్నతో అవసరమైనంత మేరకే మాట్లాడింది. కోపం కాలంతోపాటు హాస్యమైంది. కానీ ఆ హాస్యానికి పదును పోలేదు. ఇంట్లో ఏది కనిపించకపోయినా, పెళ్ళిళ్ళలో, విందుల్లో ఏ పాత ఫోటో ప్రస్తావన వచ్చినా, "ఆయన చెయ్యి పడితే ఏదీ మిగలదండీ, మా అమ్మ గొంతునే మిగల్చలేదు" అనేది. అందరూ నవ్వేవారు. నాన్న కూడా నవ్వేవాడు. ఆయన పోయి పదకొండేళ్ళయింది. ఆ రోజున పరామర్శకు వచ్చినవాళ్ళతో కూడా అమ్మ ఆ మాట అంది. ఈసారి ఎవరూ నవ్వలేదు. నేను అప్పుడూ చెప్పలేదు. ఆ టేపు మాత్రం ప్రతి ఇల్లు మారినప్పుడూ నాతో వచ్చింది. దాన్ని ఆడించే యంత్రం నా దగ్గర లేదని నాకు నేను చెప్పుకున్నది సగమే నిజం. నా ప్రయోగశాల కింది అంతస్తులో ఒకటి ఉండేది.

మల్లేశం వారంలో మూడుసార్లు ఫోను చేశాడు. ఆ కాలపు టేపు పెళుసెక్కి ఉంటుందనీ, ఇంకొన్నాళ్ళు ఆగితే పట్టుకోగానే పొడి అవుతుందనీ, ఒకే ఒక్కసారి ఆడించి కంప్యూటర్లోకి ఎక్కించాలనీ చెప్పాడు. చివరకు అమ్మ విష్ణుసహస్రనామ పారాయణకు వెళ్ళే శనివారం మధ్యాహ్నం రమ్మన్నాను. ఆ రోజు మంచు పడి పారాయణ మానేశారు. మల్లేశానికి వద్దని చెప్పబోయేలోగా గుమ్మంలో బూట్లు దులుపుకుంటున్నాడు, చేతుల్లో పసిపిల్లను ఎత్తుకున్నట్టు రికార్డరు. డబ్బా మూత తీయగానే పుల్లటి వెనిగర్ వాసన గదంతా కమ్మింది. అమ్మ టీ గ్లాసుతో తన గదిలోంచి వచ్చింది.

"ఏమిటే ఈ వాసన? పచ్చడేమన్నా పాడైందా?"

"పచ్చడి గాదమ్మమ్మా, టేపు" అన్నాడు మల్లేశం ఉత్సాహంగా. "మీ బిడ్డ చిన్నప్పుడు చేసింది. చూడుండ్రి, బొట్టు గూడ ఉంది!"

స్పూలును ఆమె కళ్ళ ముందు పెట్టాడు. బొట్టు గోధుమరంగుకు తిరిగింది. దాని చుట్టూ పసుపు మరక. అమ్మ దాన్ని ముట్టుకోలేదు. నా వైపు చూడలేదు. టీ గ్లాసు బల్ల మీద పెట్టి, రికార్డరుకు ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుని, చెవి మిషను సవరించుకుంది. "పెట్టు బాబూ" అంది.

"అమ్మా, నేను నీకొక మాట—" అన్నాను.

"ముందు విననీ."

టేపు కదిలింది. రెండుచోట్ల పాత అతుకులు ఊడిపోతాయేమోనని మల్లేశం రెండు చేతులూ స్పూళ్ళకు అంగుళం దూరంలో పట్టి ఉంచాడు. సీరియల్ మొదటి సంగీతం వినిపించింది. లిఫ్ట్ గంట. తర్వాత ఇరవై అయిదు నిమిషాలు, ఈ లోకంలో మరెక్కడా లేని ఆ హాస్యమంతా మా ముందు గదిలో నడిచింది. ముసలాయన రాజుగారి పంటికి దారం కట్టి, రెండో కొసను సింహాసనానికి బదులు మంత్రిగారి గుర్రానికి కట్టాడు. గుర్రం కదలలేదు. కోటంతా గుర్రాన్ని బతిమాలింది. మల్లేశం పెదవులు కొరుక్కుంటూ నవ్వు ఆపుకుంటున్నాడు. మా ఇద్దరి ముఖాలు చూసి అదీ మానేశాడు. ప్రతి నవ్వు వెనకా అమ్మమ్మ ఏ మాట ఉండేదో నేను లెక్కపెడుతున్నాను. తొమ్మిదో నిమిషం: కరివేపాకు. పద్నాలుగు: మావయ్య పెళ్ళి. ఇరవై ఒకటి: నాన్న దగ్గు తగ్గిందా అన్న ప్రశ్న. అమ్మ కూడా అదే లెక్క పెడుతోందని ఆమె వేళ్ళు చెప్పాయి.

గుర్రం కదిలింది. రాజుగారి పన్ను ఊడింది. ముగింపు సంగీతం. అందులోంచి, దూరంగా, మెట్ల కింది నుంచి ఒక పడుచు గొంతు: "వసూ! ఒక్క సంచైనా పట్టుకోవే!" తర్వాత నేను పరుగెత్తిన చప్పుడు. సంగీతం ఆగింది. టేపు ఇంకా తిరుగుతోంది. అప్పుడు ఒక తలుపు కిర్రుమంది. నాకు తెలియని చప్పుడు అది. బరువైన అడుగులు దగ్గరికి వచ్చాయి. నిద్ర వదలని నాన్న గొంతు, మైకు పక్కనే:

"అయ్యో. బొట్టు మారిందే. అత్తయ్యగారి మాటల మీద పెట్టింది పిల్ల."

కొంతసేపు ఏమీ లేదు. తర్వాత, మెట్ల వైపు తిరిగి పిలుస్తున్నట్టు: "ఇదిగో! విన్నావా—"

అంతే. ఆ మాట అక్కడే ఆగింది. కింద నా నవ్వు వినబడుతోంది. నాన్న ఒక నిట్టూర్పు విడిచాడు. టక్కుమని మీట చప్పుడు.

ఆ చప్పుడు వెనకే, ఒక్క క్షణం కూడా విరామం లేకుండా: "...తలకు నూనె పెట్టకుండా బడికి పంపకు, ఆ చలికి వెంట్రుకలు చిట్లిపోతాయి. ఏం, వింటున్నావా?"

నాన్న ఆపినచోటు నుంచి అమ్మమ్మ మిగిలింది. నాలుగు నిమిషాల పది సెకన్లు. అరవై ఏళ్ళలో ఆ చివరిదాకా నేను ఒక్కసారీ వినలేదు. కాకి అరిచింది. అమ్మ నోరు తెరవలేదు. అమ్మమ్మ తన అలవాటు ప్రకారం ఆగుతూ, అడుగుతూ, చివరకు "ఉంటానే మరి, ఈ అబ్బాయి చెయ్యి ఊపుతున్నాడు" అంది. టేపు కొస స్పూలు మీద టపటపా కొట్టుకుంది.

"పూర్తిగా ఎక్కిందమ్మమ్మా, ఎన్నిసార్లన్నా వినచ్చు" అన్నాడు మల్లేశం. తాను విన్నదేమిటో అప్పటికి అతనికి అర్థమైంది, గొంతు తగ్గించేశాడు. "మీ అమ్మగారిది మళ్ళ పెట్టాల్నా?"

"అది కాదు" అంది అమ్మ. "దానికి ముందుది."

నాన్న మాటలను ఆమె నాలుగుసార్లు విన్నది. నాలుగోసారి తర్వాత, "నన్ను పిలవబోయాడు" అంది. కాసేపటికి నా వైపు తిరిగింది. కోపం చూస్తాననుకున్నాను. ఆమె ముఖం లెక్క చూసుకునే మనిషి ముఖంలా ఉంది. "నీకప్పుడు తొమ్మిదేళ్ళు. భయపడ్డావు, సరే. పదిహేనేళ్ళప్పుడు చెప్పొచ్చు. పెళ్ళయ్యాక చెప్పొచ్చు. ఆయన పోయిన రోజునైనా చెప్పాల్సింది వసూ. నేను వాకిట్లో కూర్చుని ఏమన్నానో విన్నావుగా." "విన్నానమ్మా" అన్నాను.

ఇప్పుడు మా మనవరాలు పళ్ళు తోముకునే వీడియో కూడా ఎక్కడో భద్రంగా ఉంటుంది. దేన్నీ చెరపనవసరం లేదు. దేన్ని ఉంచుకోవాలో ఎవరూ తేల్చుకోనవసరమూ లేదు. నాన్న తరానికి ప్రతి సోమవారం ఒక జాబితా వచ్చేది. ఏది ఉండాలో, ఏది పోవాలో ఎవరో ఒకరు తేల్చి, చేత్తో చెరపవలసి వచ్చేది. ఆ మీట నొక్కడానికి ముందు నాన్న తన పేరు పోవాలా, నా పేరు పోవాలా అని ఆలోచించడానికి తీసుకున్న సమయాన్ని నేను తర్వాత కంప్యూటర్ మీద కొలిచాను. పదకొండు సెకన్లు.

మల్లేశం వైర్లు చుట్టుకుంటూ అన్నాడు: "ఆంటీ, ఎపిసోడ్ వరకే మా వాళ్ళకు పంపుత. మీ ఇంటి మాటలు కట్ చేస్త, పరేషాన్ గాకుండ్రి."

"మా అమ్మది కోసెయ్యి, అది నాది" అంది అమ్మ. "ఆయనది ఉంచు."

"అందరు వింటరు గదమ్మమ్మా. ఇంగ్లండు వాళ్ళు, ఆస్ట్రేలియా వాళ్ళు..."

"విననీ. ఈయన చెరిపేశాడని ఊరూరా నేనే చెప్పాను. విన్నవాళ్ళు సగం మంది పోయారు. కనీసం వీళ్ళన్నా విననీ."

"వాళ్ళకు తెలుగు రాదు గదా."

"రాకపోతే కింద రాస్తారుగా ఏదో. అది రాస్తుంది" అని గడ్డంతో నన్ను చూపించి, చల్లారిన టీ తీసుకుని గదిలోకి వెళ్ళిపోయింది.

ఆ వివరణ రాయడానికి నాకు రెండు వారాలు పట్టింది. రికార్డరు వేగం, టేపు పొడవు, మైకు దూరం అన్నీ మొదట రాసి, తర్వాత కొట్టేశాను. ఇప్పుడు ఆ ఎపిసోడ్‌తో పాటు ఉన్నది మూడు వాక్యాలే. చివర వినిపించే గొంతు మా నాన్నది. ఆయన ఈ టేపును చెరపలేదు. చెరిపింది నేను.